మామ్మ పెట్టెలో షారోను గొంతు

డిసెంబరు నెల, శనివారం, సాయంత్రం ఐదుకు ఇంకా పది నిమిషాలున్నాయి. వంటింట్లో చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్నాను. గదిలోంచి మా పెద్దమ్మాయి గొంతు వినిపించింది. "మామ్మా" అంది.

"వచ్చేశావా? ముందు కాళ్లు కడుక్కో" అన్నాను, తల తిప్పకుండానే.

కాసేపటికి మళ్లీ, "మామ్మా, ఇంతన్నావా?" అంది, వింటున్నావా అన్నట్టు. నా చేతులు ఆగిపోయాయి. మా ఇంట్లో మామ్మ లేదు. మా అత్తగారు చనిపోయి అప్పటికి పదహారు నెలలు.

గదిలోకి వెళ్లాను. వీధి తలుపు గొళ్లెం నేను వేసింది వేసినట్టే ఉంది. నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తున్న మా చిన్నది తప్ప గదిలో ఎవరూ లేరు. అది రంగు పెన్సిలు పట్టుకుని మంచం కిందికి చూస్తోంది. మంచం కింద మా అత్తగారి ట్రంకు పెట్టె ఉంటుంది.

"అమ్మా, అక్క మామ్మ పెట్టెలో ఉందా?" అని అడిగింది.

నా బిడ్డ ప్రమాదంలో ఉందని నాకు మొదట తోచింది ఆ క్షణంలోనే. అంతకు రెండు నెలల ముందే తోచి ఉండాల్సింది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. కెమిస్ట్రీతో డిగ్రీ చదివాను. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతాను. మాది తెలుగు క్రైస్తవ కుటుంబం. చనిపోయినవాళ్లు ప్రభువులో నిద్రిస్తారే తప్ప తిరిగి వచ్చి మాట్లాడరని మా సంఘంలో బోధ. పోర్ట్ బ్లెయిర్‌లో పాత బ్రిటిషు భవనాల గురించి టూరిస్టులకు చెప్పే కథలు విని నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ దయ్యాన్ని చూశానని నేను అనడం లేదు. విన్నది రాస్తున్నాను, అంతే.

ఇది రాయడానికి మా అమ్మాయి ఒప్పుకుంది. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని రాసిన ప్రతి పేజీ చదివి వినిపించాను. రెండు చోట్ల తీసెయ్యమంది, తీసేశాను. పేర్లు మార్చమంది. షారోను అన్న పేరు అదే ఎంచుకుంది. పిల్లలు నిద్రపోయాక, రాత్రుళ్లు కొంచెం కొంచెంగా రాశాను.

మేం ఉండేది పోర్ట్ బ్లెయిర్‌లోనే, జంగ్లీఘాట్‌లో, రెండు గదుల ఇంట్లో. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి హార్బరు పనికి ఇక్కడికి వచ్చి ఉండిపోయిన మనిషి. మా ఆయన దీవుల మధ్య తిరిగే షిప్పులో ఇంజను పని చేస్తారు. సెయిలింగ్ ఉంటే వారం, పది రోజులు ఇంటికి రారు. నేను పెళ్లి చేసుకుని మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చాను. షారోనుకు అప్పటికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. చిన్నది కెజియాకు ఏడు.

షారోనును పెంచింది సగం మా అత్తగారే. ఆవిడ యాభై ఏళ్లు ఈ దీవుల్లో ఉండి కూడా హిందీ ముక్క నేర్చుకోలేదు. చేపలమ్మే బెంగాలీ అతనితో కూడా తెలుగులోనే బేరమాడేది. అందుకని షారోను బడిలో హిందీ, నాతో సగం తెలుగు సగం హిందీ, మామ్మతో మాత్రం అచ్చం మామ్మ తెలుగు మాట్లాడేది. ఆ యాస ఆ ఇద్దరి మధ్యే ఉండేది.

చివరి నాలుగు నెలలు అత్తగారు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగారు. అప్పుడు మా ఆయన ఆవిడకు ఒక ఫోన్ కొనిచ్చారు. ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు రావు, షారోనుకు తెలుగు అక్షరాలు రావు. కాబట్టి ఇద్దరూ వాయిస్ మెసేజ్‌లే పంపుకునేవారు. వార్డులో అందరికీ వినబడేలా ఆవిడ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "ఒసే షారోనూ, ఏటి తిన్నావే?" అని అరిచేది. ఆ వైపు బెడ్ల మీది పేషంట్లు నవ్వేవారు.

ఆవిడకు చెప్పిన మాట బయటికి పోదని మా పేటలో పేరు. "నా కడుపులో పడితే సంద్రంలో పడ్డట్టే" అనేది. అందరి కాపురాల సంగతులూ ఆవిడకు తెలుసు. ఒక్కటీ నాకు చెప్పలేదు. అప్పట్లో నాకది ఉక్రోషంగా ఉండేది.

ఆవిడ పోయాక మా ఆయన ఆ ఫోన్ ఆపేసి, ఆవిడ తెల్లచీరల మధ్య పెట్టి, కళ్లజోడుతో సహా ట్రంకు పెట్టెలో ఉంచి తాళం వేశారు. నంబరుకు మళ్లీ రీచార్జి చెయ్యలేదు.

ఇప్పుడు షారోను సంగతి.

ఐదుగురు ఆడపిల్లలు ఎల్‌కేజీ నుంచి కలిసి చదువుకున్నారు. ఫోన్లో ఐదుగురికీ ఒక గ్రూపు. రోజంతా అందులో ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. నేను విసుక్కునేదాన్ని. ఆ సంవత్సరం సెలవుల తర్వాత ఆ గ్రూపు మోగడం ఆగిపోయింది. ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ తిట్టలేదు. మిగిలిన నలుగురూ ఇంకో గ్రూపు పెట్టుకున్నారు, అంతే. పాత గ్రూపులో షారోను "హాయ్" అంటే ఎవరూ మాట్లాడరు. చూసినట్టు మాత్రం కనిపిస్తుంది.

ఫోన్ మోగకపోతే పిల్ల బాగుపడిందనుకున్నాను. మోగని ఫోన్‌ను గంటలు గంటలు చూస్తూ కూర్చునే పిల్లను నేను అంతకు ముందు ఎరగను.

ఒకరోజు జడ వేస్తుంటే తనే చెప్పింది. లంచ్ టైములో పక్కన కూర్చునేవాళ్లు లేక టిఫిన్ డబ్బా పట్టుకుని బాత్రూంలోకి వెళ్లి తింటోందట. చెప్పి, "ఎవరికీ బోలొద్దమ్మా, ప్లీజ్" అంది.

నేను ఏం చేశానో ఇప్పుడు రాయాలి. ఇది రాయడం మిగతా అంతటికన్నా కష్టంగా ఉంది.

మా చర్చిలో స్త్రీల కూటానికి ఫోన్లో ఒక ప్రార్థన గ్రూపు ఉంది, నలభై మందిమి. ఎవరికి కష్టం వచ్చినా అందులో విన్నపం పెడతాం. చదివినవాళ్లు ఉన్నచోటే మోకరిస్తారు. విన్నపం వివరంగా పెట్టమంటారు పాస్టరమ్మగారు. వివరం తెలిస్తే భారంతో ప్రార్థిస్తాం అంటారు. నేను వివరంగా పెట్టాను. పిల్ల పేరు, తరగతి, స్నేహితులు వదిలేసిన సంగతి, బాత్రూంలో తింటున్న సంగతి, అన్నీ. నిమిషాల్లో ఆమెన్లు వచ్చాయి. ఒక ఆంటీ ఏడుస్తూ ప్రార్థించి ఆ వాయిస్ పెట్టింది. నా గుండె బరువు దిగింది.

ఎవరికీ చెప్పొద్దంటే దేవుడికి చెప్పొద్దని కాదు కదా అనుకున్నాను. సంఘాన్ని ఆ "ఎవరికీ"లో నేను లెక్క వేయలేదు.

తర్వాత షారోను ఏడవడం మానేసింది. ఏమీ చెప్పడం కూడా మానేసింది. అడిగితే "ఠీక్ హూఁ, బాగానే ఉన్నా" అనేది. అన్నం తినేది, పుస్తకాలు ముందు పెట్టుకునేది, సాయంత్రం డాబా మీదికి వెళ్లి ఫోన్లో మెల్లగా మాట్లాడేది. స్నేహితులు మళ్లీ కలిశారనుకున్నాను. ప్రార్థన ఫలించిందనుకున్నాను. నవంబరులో ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, మైకు తీసుకుని, నా బిడ్డను దేవుడు ఎలా ఆదరించాడో అందరి ముందూ చెప్పాను. చప్పట్లు కొట్టారు. షారోను పాటల పుస్తకం లోంచి తల ఎత్తలేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

ఆ శనివారం నాటికి మూడు రోజులుగా మాకు నెట్ లేదు. సముద్రం అడుగున వచ్చే కేబుల్‌కు ఏదో అయిందన్నారు. ఇక్కడివాళ్లకు అది కొత్త కాదు. మామూలు ఫోన్లు కూడా పదిసార్లు చేస్తే ఒకసారి కలుస్తున్నాయి. మా ఆయన షిప్పు నికోబార్ వైపు ఉంది. షారోను మధ్యాహ్నం రెండింటికి క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకని చర్చికి వెళ్లింది. ఐదున్నరకు రావాలి.

ఐదుకు పది నిమిషాలప్పుడు నేను విన్న మాటలు ఇవి. చిన్నది "అక్క పెట్టెలో ఉందా" అన్న తర్వాత, మేమిద్దరం చూస్తూ ఉండగానే మంచం కింది నుంచి వచ్చాయి. గొంతు మూతపెట్టిన గిన్నెలోంచి వచ్చినట్టు ఉంది.

"మామ్మా, ప్రాక్టీసుకి ఎల్లలేదే. ఫెర్రీ ఎక్కీసినాను. ఇది మూడోపాలి, ఇటూ అటూ. అందరూ దిగిపోతన్నారు. నాకు దిగబుద్ధి అవ్వట్లేదు మామ్మా. నీకాడికి వచ్చీవాలనుంది."

వెనకాల ఎవరో మగమనిషి బండి వెనక్కి తియ్యమంటూ "గాడీ పీఛే, గాడీ పీఛే" అని రెండుసార్లు అరిచాడు. ఆ తర్వాత ఫెర్రీ హారన్ పొడుగ్గా మోగింది. తర్వాత ఏమీ లేదు.

నేను పెట్టె తెరవలేదు. తాళంచెవి ఎక్కడుందో కూడా ఆ క్షణాన గుర్తు లేదు. షారోను నంబరుకు రెండుసార్లు చేశాను, కలవలేదు. చేతులు కడుక్కోకుండానే చిన్నదాన్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. ఇక్కడ ఒక సంగతి గమనించమని కోరుతున్నాను. చర్చి మా ఇంటికి ఐదు నిమిషాల నడక. పిల్ల అక్కడే ఉందని నాకు తెలుసు, అంటే తెలుసుననుకుంటున్నాను. మామూలుగా అయితే ముందు అక్కడికే వెళ్లి చూడాలి. అటువైపు చూడను కూడా చూడలేదు.

"చాథం జెట్టీ చలో భయ్యా, జల్దీ" అన్నాను ఆటో అతనితో.

"ఫెర్రీ తో ఆతీ జాతీ రహతీ హై దీదీ, ఒకటి పోతే ఇంకోటి. ఇత్నా క్యా జల్దీ?" అన్నాడు అతను. అద్దంలో నా ముఖం చూశాక మళ్లీ మాట్లాడలేదు. పసుపు చేతులతో చిన్నదాని గౌనంతా పచ్చగా అయిపోయింది.

బళ్లు కూడా ఎక్కే ఫెర్రీ అంటే మాకు చాథందే. అది హార్బరు దాటి బాంబూఫ్లాట్‌ చేరడానికి ఎంతోసేపు పట్టదు. డిసెంబరులో మాకు ఐదింటికే వెలుగు పోతుంది. మేం వెళ్లేసరికి బాంబూఫ్లాట్ నుంచి వచ్చిన ఫెర్రీ జెట్టీకి కట్టేశారు. స్కూటర్లు, బైకులు, కూరల బుట్టలు, జనం దిగుతున్నారు. ఆ జనంలో ఒక్కో ముఖం వెతుక్కున్నాను. అందరూ దిగిపోయారు. షారోను లేదు.

తాళ్లు లాగే అతను లోపలికి చూస్తూ, ఇవాళ దిగవా అన్నట్టు, "ఏ బేటీ, ఆజ్ ఉతర్నా నహీ హై క్యా?" అని కేకేశాడు.

వెనక చివర, కమ్మీ పక్కన, ఒడిలో బ్యాగు పెట్టుకుని కూర్చుని ఉంది. రెండు చేతులతో ఫోన్ పట్టుకుని ఉంది. నీళ్లకేసి చూస్తోంది.

నేను లోపలికి వెళ్తుంటే అతను అన్నాడు. "ఆప్ కీ బేటీ హై దీదీ? దోపహర్ సే యహీ బైఠీ హై. పూఛా, తో బోలీ మమ్మీ ఆయేగీ." మధ్యాహ్నం నుంచీ అక్కడే కూర్చుందట, అడిగితే అమ్మ వస్తుందని చెప్పిందట. అబద్ధమే చెప్పింది. నేను వస్తానని అది అనుకోలేదు.

నన్ను చూసి దాని ముఖం తెల్లబోయింది. కోపం వచ్చినా భయం వేసినా అది హిందీలోకి వెళ్లిపోతుంది.

"కిస్‌నే బోలా ఆప్‌కో?"

"ఎవరూ చెప్పలేదు."

"ఝూట్. ఎవరో ఆంటీ చూసి మీ గ్రూపులో పెట్టుంటుంది. షారోను కోసం ప్రార్థించండి, ఫెర్రీలో కూర్చుంది, అని."

"నెట్ లేదు కదే."

అది ఆలోచించింది. ఈలోగా చిన్నది దాని ఒళ్లో ఎక్కబోతూ, "అక్కా, ఇంటికి రా. చేపలు మూత పెట్టలేదు, పిల్లి తినేస్తుంది" అంది.

షారోనుకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. అప్పుడు చెప్పింది. ఆగి ఆగి, నీళ్లకేసే చూస్తూ చెప్పింది.

మా ప్రార్థన గ్రూపులో ఒక సిస్టర్ కూతురు షారోను క్లాసే. తల్లి ఫోన్‌నే వాడుకుంటుంది. నేను పెట్టిన విన్నపం చదివింది. హిందీలోకి మార్చి క్లాసు గ్రూపులో పెట్టింది. ఎవరో షారోను ఫొటో తీసుకుని, కమోడ్ మీద కూర్చోబెట్టి, చేతిలో టిఫిన్ డబ్బా పెట్టి స్టిక్కరు చేశారు. రెండు నెలలుగా క్లాసులో ఎవరికి నవ్వు కావాలన్నా ఆ స్టిక్కరు. షారోను డబ్బా మూత తీస్తే వెనక నుంచి "ఆమెన్" అంటారు. టీచరు ప్రశ్నకు జవాబు చెప్పినా "ఆమెన్."

"నాకు చెప్పొచ్చు కదే" అన్నాను. అనగానే సిగ్గేసింది.

"నీకు చెప్పాను కదా" అంది. "నువ్వు సాక్ష్యం చెప్పిన రోజు కూడా ఆ అమ్మాయి వాళ్లు నా వెనక బెంచీలోనే ఉన్నారు. నవ్వారు. నీకు వినబడలేదా? మైకు పట్టుకుంటే నీ గొంతే నీకు వినబడుతుంది."

చిన్నదాన్ని చంకనెత్తుకున్నాను.

"మరి డాబా మీద ఎవరితో మాట్లాడేదానివి?"

"మామ్మతో." అదేదో అందరికీ తెలిసిన సంగతి అన్నట్టు చెప్పింది. "మామ్మ నంబరుకి వాయిస్ పెడతాను. వెళ్లదు, నాకు తెలుసు. వెళ్లకపోతేనే మంచిది. మామ్మ ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యదు."

"ఇందాక పెట్టావా? దిగబుద్ధి అవ్వట్లేదు, నీ దగ్గరికి వచ్చేయాలని ఉంది అని?"

షారోను నాకేసి తిరిగింది. ఆ చూపు నేను మరిచిపోలేను. "నా ఫోన్ చూశావా?"

"ఫోన్ నీ చేతిలోనే ఉంది కదే."

హారన్ మోగింది. బాంబూఫ్లాట్ వెళ్లే జనం ఎక్కేశారు. తాళ్లు విప్పుతూ అతను మాకేసి చూసి, దిగుతారా అన్నట్టు చెయ్యి ఊపాడు. షారోను లేవలేదు. నేను లెమ్మనలేదు, చెయ్యి పట్టి లాగలేదు. కమ్మీ వైపు నేను కూర్చుని, దాన్ని లోపలి వైపుకు జరగమన్నాను. ఏ కళనుందో, జరిగింది. ఫెర్రీ కదిలింది. ముగ్గురం బాంబూఫ్లాట్ దాకా వెళ్లాం. అక్కడ ఎవరం దిగలేదు. చీకట్లో మళ్లీ వెనక్కి వచ్చాం. చిన్నది దారంతా ఒడ్డున కనిపించే దీపాలు లెక్కపెట్టింది. చాథంలో ఫెర్రీ ఆగగానే షారోను తనంతట తనే లేచి, చెల్లెలి చెయ్యి పట్టుకుని ముందు దిగింది.

ఇంటికి వచ్చేసరికి పిల్లి నిజంగానే చేపలు తినేసింది.

ముగ్గురం మంచం కింది నుంచి పెట్టె లాగాం. తాళం అలాగే ఉంది. తాళంచెవి అత్తగారి బైబిలు అట్టలో దొరికింది. లోపల తెల్లచీరలు, కళ్లజోడు, ఒక నూనె సీసా. రెండో చీర మడతలో ఫోన్. దాని వెనక మూత ఉబ్బి పక్కకు లేచి ఉంది, బ్యాటరీ పొంగిపోయి. మీట ఎంతసేపు నొక్కినా వెలగలేదు. ఉబ్బిన బ్యాటరీకి చార్జరు పెట్టకూడదని షారోనే ఆపింది.

తర్వాతి వారం దాన్ని అబర్డీన్ బజార్‌లో ఫోన్లు బాగుచేసే ఒక చిన్న కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టతను విప్పి చూపించాడు. లోపలి బోర్డంతా ఆకుపచ్చగా చిలుము. "యే తో కబ్ కా మర్ గయా దీదీ. సముద్రపు గాలి. చచ్చి ఏడాది పైనే అయ్యుంటుంది" అన్నాడు. వేరే బ్యాటరీ పెట్టి చూశాడు. రాలేదు.

పెట్టె తెరిచిన శనివారం రాత్రే షారోను తన ఫోన్ తెరిచి, తనే నాకు చూపించింది. మామ్మ పేరు కింద వరసగా వాయిస్ మెసేజ్‌లు, రెండు నెలలవి. అన్నింటికీ ఒక్క టిక్కే, అంటే అవతలి ఫోన్‌కు చేరలేదు. అడుగున ఆ రోజుది. దానికి ఆ ఒక్క టిక్కు కూడా లేదు. నెట్ లేదు కాబట్టి గడియారం గుర్తు ఉంది. అంటే అది షారోను ఫోన్ దాటి బయటికే పోలేదు. పక్కన టైము నాలుగూ నలభై తొమ్మిది.

"విను" అని అదొక్కటే వినిపించింది. మంచం కింది నుంచి నేను విన్నవే, అవే మాటలు, అదే వరసలో. "గాడీ పీఛే" రెండుసార్లు. పొడుగ్గా హారన్. చిన్నది "ఇదే" అంది.

ఇది జరిగి పది నెలలు కావస్తోంది. కాదని నాకు నేను చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను. పక్కింటివాళ్ల ఫోనా అంటే, వాళ్లు ఆ వారం డిగ్లీపూర్ వెళ్లి ఉన్నారు. తల్లి మనసు ఊహించిందా అంటే, ఊహించే తల్లినైతే రెండు నెలలు ఊరుకునేదాన్నా? పైగా చిన్నది కూడా వింది, నాకన్నా ముందు వింది. కేబుల్ బాగయ్యాక ఆ మెసేజ్‌కూ మిగతావాటిలాగే ఒక్క టిక్కు పడింది. రెండోది ఇంతవరకూ పడలేదు. మామ్మ నంబరుకు చేసి చూశాను. ఈ నంబరు వాడుకలో లేదు అని వచ్చింది. మా ఆయన ఇంజను మనిషి, ప్రతిదానికీ కారణం ఉంటుందంటారు. ఈ ఒక్కదానికి ఏమీ అనలేదు. పాస్టరుగారిని అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు, అది తప్పని కూడా నేను అనలేను. ఆ గొంతు నా దగ్గరికి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

ఆ రాత్రి పిల్లలిద్దరినీ చెరో పక్కన వేసుకుని పడుకున్నాను. మరునాడు ఆదివారం. పొద్దున్నే టీ, బ్రెడ్డు పెట్టి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టాను. నిద్రపట్టక తయారుచేసుకున్న మాటలు వేరే. నోటికి వచ్చినవి ఇవి.

చిన్నదానితో, "పెట్టెలో మామ్మ లేదు, చూశావు కదా. నువ్వు విన్నది నేనూ విన్నాను. ఎలా వినబడిందో నాకు తెలీదు. తెలిసినట్టు నీకు చెప్పను" అన్నాను.

"సరే" అంది చిన్నది. దానికి అది చాలినట్టుంది.

షారోనుతో ఇలా అన్నాను. "ఎవరికీ చెప్పొద్దని నువ్వు చెప్పిన మాట నేను నలభై మందికి చెప్పాను. ప్రార్థన అని పేరు పెట్టి చెప్పాను. తప్పు నాది. నువ్వు మామ్మకు పెట్టినవి నిన్న నువ్వు వినిపించింది తప్ప ఒక్కటీ వినలేదు. వినను. రేపు బడికి వెళ్లాలో వద్దో నువ్వు చెప్పు. టీచరుతో నేను మాట్లాడాలో వద్దో అది కూడా నువ్వే చెప్పు. డాక్టరు దగ్గరికి మాత్రం మనిద్దరం వెళ్తున్నాం, అది నిన్ను అడగను."

షారోను టీలో చెంచా తిప్పుతూ కూర్చుంది. చెంచా పక్కన పెట్టి, "ఇవాళ చర్చిలో నిలబడతావా?" అంది. "ఇంత పెద్ద మిరకిల్ కదా. అందరూ ఏడుస్తారు."

అది వెక్కిరింపో భయమో పోల్చుకోలేకపోయాను. కానీ నిజం రాయాలి. తెల్లవారినప్పటి నుంచి నేను దాని గురించే ఆలోచిస్తున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. అలాంటి సాక్ష్యం మా చర్చిలో ఎవరూ చెప్పి ఉండరు.

"నిలబడను" అన్నాను. "ఇవాళే కాదు, ఎప్పుడూ నిలబడను. షారోను ఎలా ఉందని ఎవరైనా అడిగితే, బాగుందని కూడా చెప్పను. షారోనునే అడగండి అంటాను."